సర్వేలో సంతృప్తి మార్కులు బాగానే ఉన్నాయి, అయినా మంచివాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఏటా చేసే సర్వేలో ఉద్యోగ సంతృప్తి మార్కులు బాగానే వస్తున్నాయి. జీతాలు బయటివాళ్లకు తీసిపోవు. సెలవులు, ఇన్సూరెన్స్, శిక్షణ అన్నీ ఉన్నాయి. అయినా ఏడాదిగా పనిమంతులు ఒక్కొక్కరే రిజైన్ చేస్తున్నారు. ఇంకా ఏ సౌకర్యం పెడితే ఆగుతారని అడిగారు.

కొన్నాళ్లు కొత్త సౌకర్యాలేమీ పెట్టకండి. నేను ఇరవై ఏళ్లకు పైగా హెచ్‌ఆర్‌లో పనిచేశాను. మొదటి పదేళ్లలో మీరు ఇప్పుడు చేస్తున్న పొరపాటే చేశాను, సంతృప్తిని కొలిచి దాన్నే నిబద్ధత అనుకున్నాను. రెండూ చుట్టాలే గానీ ఒక్క ఇంట్లో ఉండవు. ఆ సంగతి నాకు పుస్తకాల కంటే ముందు ఒక ఎగ్జిట్ ఇంటర్వ్యూ, అంటే మానేసి వెళ్లేవాళ్లతో హెచ్‌ఆర్ చివరిగా మాట్లాడే మాట, నేర్పింది.

ఆ రోజు నా ఎదురుగా కూర్చున్నావిడ అకౌంట్స్‌లో ఆరేళ్లు చేసింది. మూడు నెలల కిందటి సర్వేలో అయిదుకు నాలుగు మార్కులు వేసింది. జీతం పెంచితే ఆగుతారా అని అడిగాను. ‘జీతం బాగానే ఉందండీ, పని కూడా ఇష్టమే’ అంది. మరి ఎందుకని అడిగితే, చేతిలో ఉన్న కాగితం అంచు మడతపెడుతూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక మీటింగ్ గురించి చెప్పింది. క్లయింట్‌కి వెళ్లిన రిపోర్టులో అంకెలు తప్పాయి. మేనేజర్ పొరపాటున పాత ఫైల్ పంపాడు, ఆవిడ దాని మీదే పనిచేసింది. ఆ మెయిల్ కూడా ఉంది. కానీ మీటింగ్‌లో క్లయింట్ ఇది ఎవరు చూశారని అడిగినప్పుడు మేనేజర్ ఆవిడ వైపు చూశాడు, అంతే. ‘తిట్టారని కాదండీ. తిట్లు పడతానని తెలిసే వెళ్లాను. ఆయన ఒక్క మాట అంటారనుకున్నాను. తల దించుకుని ల్యాప్‌టాప్ చూసుకున్నారు.’

ఆ తర్వాత కూడా ఆవిడ నాలుగు నెలలు పనిచేసింది. బాగానే చేసింది. సర్వేలో నాలుగు మార్కులు వేసింది కూడా ఆ నాలుగు నెలల్లోనే. అబద్ధమేమీ వేయలేదు. పని నచ్చింది, జీతం నచ్చింది, పక్కవాళ్లు నచ్చారు. మనసు మాత్రం ఆ మీటింగ్ రోజే బయటికి వెళ్లిపోయింది. మా సర్వేలో దానికి గడి లేదు.

నిబద్ధత అనగానే మనకు ఒకటే వస్తువు అనిపిస్తుంది. 1991లో జాన్ మేయర్, నటాలీ ఆలెన్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు దాన్ని మూడుగా విడదీశారు. ఈ రంగంలో ఇప్పటికీ ఎక్కువగా వాడేది ఆ విభజనే. వాళ్ల పరిభాష పక్కనపెట్టి నేను మా మేనేజర్లకు చెప్పే మూడు మాటలు: అభిమానం, అవసరం, మొహమాటం. అభిమానంతో ఉన్నవాడు ఉండాలనుకుని ఉంటాడు. అవసరంతో ఉన్నవాడు వెళ్తే నష్టమని ఉంటాడు. అప్పు ఉంది, ఈ వయసులో మళ్లీ మొదలుపెట్టలేడు, ఇక్కడ నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ ఇంకెక్కడా లేదు. మొహమాటంతో ఉన్నవాడు వెళ్తే బాగుండదని ఉంటాడు. చదువుకు డబ్బులు కట్టారు, కష్టకాలంలో ఉద్యోగమిచ్చారు, ఉప్పు తిన్న చోటు అనుకుంటాడు.

ఒకే మనిషిలో ఈ మూడూ కలిసే ఉంటాయి, పాళ్లే తేడా. బయటి నుంచి చూస్తే ముగ్గురూ ఒకలాగే కనిపిస్తారు. ముగ్గురూ ఉదయం వస్తారు, సాయంత్రం వెళ్తారు. మీ దగ్గరున్న లెక్క, ఎంతమంది మానేశారు, ఎంతమంది ఉన్నారు అన్నది, ఈ తేడా పట్టుకోలేదు. కానీ పనిలో తెలిసిపోతుంది. మేయర్ బృందం 1989లో ఒక ఆహార సేవల కంపెనీలో కింది స్థాయి మేనేజర్లను పరిశీలించింది. అభిమానం ఎక్కువున్న వాళ్లకు పై అధికారులు మంచి మార్కులు వేశారు. అవసరం కొద్దీ ఉన్నవాళ్లకు తక్కువ మార్కులు పడ్డాయి. అంటే మనుషుల్ని కట్టిపడేసే ఏర్పాట్లు, ఏళ్ల తరబడి బాండ్లు, మధ్యలో మానేస్తే పోయే బోనస్‌లు, కుర్చీలో మనిషిని కూర్చోబెడతాయి. ఆ కూర్చున్న మనిషి ఏం చేస్తాడన్నది వేరే సంగతి. అంత మాత్రాన బోనస్ వద్దనడం లేదు. బోనస్ కోసం ఆగిన వాళ్లను చూసి ‘మా వాళ్లకు ఎంత నిబద్ధతో’ అని మురిసిపోవద్దంటున్నాను.

ఇక సంతృప్తి. ఎడ్విన్ లాక్ 1976లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం అది మనిషి తన ఉద్యోగాన్ని బేరీజు వేసుకున్నప్పుడు కలిగే హాయి. బేరీజు అన్న మాట గుర్తుపెట్టుకోండి. దానికి పోలిక కావాలి. పక్క కంపెనీలో ఉన్న స్నేహితుడికి నిన్న పెరిగిన జీతం మీ ఉద్యోగి ఇవాళ్టి సంతృప్తిని తగ్గిస్తుంది, మీరు ఏమీ చేయకపోయినా. అందుకే సంతృప్తి త్వరగా ఎక్కుతుంది, త్వరగా దిగుతుంది. అభిమానం పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది, సాధారణంగా పోవడానికీ సమయమే పడుతుంది, ఏదో ఒక పెద్ద దెబ్బ తగిలితే తప్ప. 1974లో లైమన్ పోర్టర్, ఆయన సహచరులు మానసిక వైద్య సహాయకులుగా శిక్షణ పొందుతున్న వాళ్లను నెలల తరబడి గమనించారు. ఎవరు మానేస్తారు, ఎవరు ఉంటారు అన్నది సంతృప్తి మార్కుల కంటే నిబద్ధత మార్కుల్లోనే స్పష్టంగా కనిపించింది. మానేసే రోజు దగ్గరపడే కొద్దీ ఆ తేడా ఇంకా పెరిగింది. మీ సర్వే ఫలితాలకూ మీ రాజీనామాలకూ పొత్తు కుదరకపోవడంలో వింతేమీ లేదన్నమాట.

జీతం గురించి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే మీ మేనేజ్‌మెంట్ ముందుగా పట్టుకునేది దాన్నే. 2010లో తిమోతీ జడ్జ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని గుదిగుచ్చి చూస్తే, జీతం ఎంత అన్నదానికీ ఉద్యోగ సంతృప్తికీ మధ్య సంబంధం 0.15 అని తేలింది. సున్నా అంటే సంబంధమే లేనట్టు, 1 అంటే రెండూ అడుగులో అడుగేసుకుని నడిచినట్టు. 0.15 అంటే ఉందంటే ఉంది. జీతం తక్కువైతే గొడవ ఖాయం. చాలినంత అయ్యాక ఇంకొంచెం పోస్తే వచ్చే ఫలితం మాత్రం మనం ఊహించినంత ఉండదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో రెండు వందలకు పైగా ఇంజినీర్లతో, అకౌంటెంట్లతో మాట్లాడి ఇంచుమించు ఇదే అన్నాడు: అసంతృప్తి పోగొట్టేవి వేరు, సంతృప్తి తెచ్చేవి వేరు. ఆయన పద్ధతి మీద విమర్శలున్నాయి. మంచి జరిగితే నా గొప్ప, చెడు జరిగితే కంపెనీ తప్పు అని మనుషులు చెప్పుకోవడం సహజం కాబట్టి ఆయనకు అలాంటి జవాబులే వచ్చాయంటారు. నాకూ ఆ విమర్శ సబబే అనిపిస్తుంది. అయినా ఏసీ పనిచేయకపోతే జనం తిడతారు గానీ, పనిచేస్తోందని ఎవరూ కంపెనీని ప్రేమించరన్నది నేను కళ్లారా చూసిన సంగతే.

మరి అభిమానం ఎక్కడ పుడుతుంది? నా అనుభవంలో ‘నాకు ఇబ్బందొస్తే వీళ్లు నా వెనక నిలబడతారు’ అన్న నమ్మకంలో. దీన్ని పరిశోధనగా మలిచినవాడు రాబర్ట్ ఐసెన్‌బర్గర్, 1986లో. ఆయన గమనించింది చాలా మామూలు విషయం. ఉద్యోగులు కంపెనీని మనిషిలా చూస్తారు. మనమూ అలాగే మాట్లాడతాం కదా, ‘కంపెనీ నన్ను ఆదుకుంది’, ‘కంపెనీ నన్ను వాడుకుని వదిలేసింది’ అని. కంపెనీకి నోరూ చేతులూ ఉండవు. ఆ నోరూ చేతులూ మీ టీమ్ లీడ్‌వి. వాడు చేసిందంతా కంపెనీ ఖాతాలో పడుతుంది, మంచైనా చెడైనా. పైవాళ్ల దగ్గర వాడి మాట చెల్లుతుందని ఉద్యోగులు అనుకుంటే ఇంకా గట్టిగా పడుతుందని అదే ఐసెన్‌బర్గర్ బృందం 2002లో చూపించింది. పలుకుబడి లేని మంచి మేనేజర్ చేసిన సాయం ‘పాపం ఆయన మంచోడు’ దగ్గర ఆగిపోతుంది, కంపెనీ దాకా రాదు.

ఇంకొక మెలిక ఉంది. అన్నిటికంటే నేను ఎక్కువసార్లు వాడుకున్నది ఇదే. చేసిన మేలు సంస్థ తనంతట తాను చేసిందా, తప్పక చేసిందా అని ఉద్యోగి చూస్తాడు. 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో, సంస్థ తన ఇష్టంతో కల్పించిందని ఉద్యోగులు నమ్మిన వసతులే ‘వీళ్లకు నేనంటే పట్టింపు ఉంది’ అన్న భావనతో బాగా ముడిపడ్డాయి. చట్టానికో, యూనియన్‌కో, మార్కెట్‌కో తలొగ్గి ఇచ్చినవి అంతగా లెక్కలోకి రాలేదు. మీరు అన్నీ ఇస్తున్నామంటున్నారు. మీ వాళ్ల కంట్లో అందులో ఎన్ని ‘అందరూ ఇచ్చేవే’ అయ్యాయో ఒకసారి చూసుకోండి.

నేను చూసిన ఒకటి చెబుతాను. రాత్రి షిఫ్ట్‌లో ఒకతని కూతుర్ని సాయంత్రం ఆస్పత్రిలో చేర్చారు. నిబంధన ప్రకారం సెలవు మూడు రోజుల ముందు అడగాలి. అతను సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి చెప్పబోతుంటే ఆయన సగంలోనే ఆపి ‘నువ్వు అక్కడే ఉండు’ అన్నాడు. గోడకున్న రోస్టర్‌లో అతని పేరు మీద పెన్సిల్‌తో గీత కొట్టి తన పేరు రాసుకున్నాడు. పగలంతా పనిచేసినవాడు ఆ రాత్రి కూడా లైన్ మీద నిలబడ్డాడు. ఉదయం హెచ్‌ఆర్‌కి, అంటే నాకు, ‘సెలవు కాగితం తర్వాత వస్తుంది, మీరు కాస్త చూసుకోండి’ అని మెసేజ్ పెట్టాడు. మూడేళ్ల తర్వాత ఆ కార్మికుడికి బయట ఎక్కువ జీతానికి పని వచ్చింది, వెళ్లలేదు. ఎందుకని అడిగితే పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ‘ఆ రాత్రి సార్ నా బదులు నిలబడ్డారు కదా’ అన్నాడు. అదే సంస్థలో అత్యవసర సెలవుల పాలసీ ఒకటుంది. చక్కగా అచ్చేసి నోటీసు బోర్డులో పెట్టాం. అది కారణమని ఎవరూ నాకు ఇంతవరకూ చెప్పలేదు.

పాలసీ అక్కర్లేదని కాదు. పాలసీ లేకపోతే ఆ సూపర్‌వైజర్ దయ ఉన్నవాళ్లకే సెలవు దొరుకుతుంది, అది ఇంకో రకం అన్యాయం. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. అండ అంటే మెత్తగా మాట్లాడటం, పుట్టినరోజుకు కేక్ కోయడం అనుకుంటారు. 2002లో లిండా రోడ్స్, ఐసెన్‌బర్గర్ కలిసి డెబ్భైకి పైగా అధ్యయనాల్ని సమీక్షించారు. సంస్థ తమకు అండగా ఉందన్న భావన దేనితో ఎక్కువ ముడిపడి ఉందని చూస్తే, న్యాయంగా వ్యవహరించడం మొదట వచ్చింది. పై అధికారి ఆసరా రెండోది. ప్రతిఫలాలు, పని పరిస్థితులు ఆ తర్వాతే. న్యాయమంటే అందరికీ ఒకే ఇంక్రిమెంట్ అని కాదు. ఆ ఇంక్రిమెంట్ ఎలా తేల్చారో చెప్పడం, ఎదురు ప్రశ్న వేసే వీలివ్వడం, ఒకరికొక రూలు ఇంకొకరికొక రూలు లేకపోవడం. అప్రైజల్‌లో తక్కువ రేటింగ్ వచ్చి కూడా మనస్ఫూర్తిగా ఉండిపోయిన వాళ్లను చూశాను. రేటింగ్ మంచిదే వచ్చి, పక్కవాడికి అది ఎలా వచ్చిందో తెలిసి వెళ్లిపోయిన వాళ్లను కూడా చూశాను.

అసలే నిబద్ధత ఉన్నవాళ్లకు అంతా అండలాగే కనిపిస్తుందేమో, మనం తలకిందులుగా చూస్తున్నామేమో అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. 2001లో రోడ్స్ బృందం ఒకే ఉద్యోగుల్ని కొంత వ్యవధితో మళ్లీ అడిగి చూసింది. ముందున్న అండ తర్వాతి అభిమానంలో మార్పును సూచించింది, ముందున్న అభిమానం తర్వాతి అండలో మార్పును సూచించలేదు. కాబట్టి దారి అండ నుంచి అభిమానం వైపే అనుకోవచ్చు. సంతృప్తి ఈ దారిలోనే ఎక్కడో ఉంటుంది. అండ దొరికితే రోజువారీ పని హాయిగా సాగుతుంది, ఆ హాయి అభిమానానికి తోడవుతుంది. పని పరమ విసుగ్గా ఉంటే ఎంత అండ ఉన్నా కొంతమేరకే పనిచేస్తుంది. రోజంతా ఒకే ఫారం నింపేవాడికి ఎంత మంచి మేనేజర్ ఉన్నా ఏం లాభం? పనిలో వైవిధ్యం, మొదలు నుంచి చివర దాకా తన చేతిలో ఉండటం, తన పని ఎవరికో అక్కరకొస్తుందన్న స్పృహ, స్వేచ్ఛ, ఎలా చేశాడో తెలియడం, ఈ అయిదూ 1970ల్లోనే హ్యాక్‌మన్, ఓల్డ్‌హామ్ చెప్పినవే. వీటిలో స్వేచ్ఛ ఒక్కటి ఇవ్వగలిగినా పెద్ద తేడా కనబడుతుంది, ఖర్చు కూడా ఉండదు.

మీరు చేయగలిగింది ఏమిటంటే, ముందు సర్వేలో సగటు చూడటం మానేయండి. మొత్తం కంపెనీకి 4.1 వచ్చిందంటే దాని అర్థం దాదాపు శూన్యం. మేనేజర్ల వారీగా విడదీయండి. అయిదారుగురి కంటే చిన్న టీమ్‌లను విడిగా చూపకండి, ఎవరేం రాశారో దొరికిపోతుంది, మరుసటి ఏడాది ఎవరూ నిజం రాయరు. ‘మీరు సంతృప్తిగా ఉన్నారా’ పక్కన ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి: మీ వల్ల పొరపాటు జరిగితే మీ పై అధికారికి మీరే వెళ్లి చెప్పగలరా? మీకు ఇంట్లో ఇబ్బందొస్తే ఆఫీసులో ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? రెండో ప్రశ్నకు ‘ఎవరికీ చేయను’ అని రాసిన టీమ్‌లు ఏవో చూడండి. రాజీనామాల జాబితాతో పోల్చుకోండి.

తర్వాత మేనేజర్ల సంగతి. వాళ్లను తిట్టడం తేలిక. మా అకౌంట్స్ మేనేజర్ ఆ రోజు తల దించుకున్నాడంటే, అంతకు ముందు నెలలో ఆయన్నీ ఎవరో ఇలాగే నిలబెట్టి కడిగేశారు. తమకు అండ ఉందనుకునే సూపర్‌వైజర్ల కింద పనిచేసేవాళ్లకే అండ ఎక్కువ దొరుకుతుందని 2006లో షానోక్, ఐసెన్‌బర్గర్ చూపించారు. పైనుంచి రానిది కిందికి ఎక్కణ్ణుంచి పోస్తారు? రోస్టర్ మార్చే అధికారం, చిన్న మొత్తం ఖర్చు పెట్టే అధికారం, రెండు రోజులు సెలవు అక్కడికక్కడే ఇచ్చే అధికారం వాళ్ల చేతికివ్వండి. ప్రతిదానికీ పైనుంచి మెయిల్ రావాలంటే, వచ్చేసరికి అవసరం తీరిపోతుంది.

ఒక హెచ్చరిక కూడా. అభిమానంతో ఉన్నవాళ్లను కంపెనీలు తెలియకుండానే పీల్చేస్తాయి. కాదనరని తెలుసు కాబట్టి ప్రతి అత్యవసరం పనీ వాళ్ల మీదే పడుతుంది, నడిచే ఎద్దునే పొడిచినట్టు. మీ దగ్గర వెళ్లిపోయిన ‘పనిమంతులు’ ఈ కోవలోకి వస్తారేమో చూసుకోండి. వాళ్ల చివరి ఆరు నెలల ఓవర్‌టైమ్, రద్దయిన సెలవులు బయటికి తీయండి. లెక్క అక్కడే దొరకొచ్చు. ఇంకొందరికి అభిమానం కంపెనీ మీద కాదు, తమ వృత్తి మీద ఉంటుంది. వాళ్లు నేర్చుకునేది అయిపోతే వెళ్తారు. వాళ్లను పట్టి ఉంచాలని ప్రయత్నించకండి, బాగా సాగనంపండి. కొందరు తిరిగి వస్తారు.

కౌంటర్ ఆఫర్, అంటే రాజీనామా చేసినవాణ్ణి ఆపడానికి జీతం పెంచి చూపడం, ఇవ్వాలా అని కూడా అడిగారు. జీతం నిజంగానే తక్కువగా ఉంటే ఇవ్వండి, కానీ అతను అడిగే దాకా ఎందుకు ఆగారన్న ప్రశ్న మిగిలిపోతుంది. కాగితం పెట్టాక ఇచ్చిన పెంపు తప్పక ఇచ్చినదే అవుతుంది. పైన చెప్పిన 1997 అధ్యయనం సంగతి మళ్లీ ఇక్కడికే వస్తుంది. రాజీనామాలు ఎప్పుడూ నెమ్మదిగా పెరిగిన అసంతృప్తితోనే రావని, ఒక్క కుదుపు చాలని 1994లో లీ, మిచెల్ చెప్పారు. ఆ కుదుపు ఏమిటో తెలియకుండా మీరిచ్చే కౌంటర్ ఆఫర్ చీకట్లో బాణమే.

అందుకే కొత్త సర్వే కంటే ముందు, వెళ్లిపోయి కనీసం ఆరు నెలలైన ముగ్గురికి ఫోన్ చేయండి. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో మా అకౌంట్స్ ఆవిడలా నిజం చెప్పేవాళ్లు అరుదు, రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాలేదు కదా. ఆరు నెలలయ్యాక చెబుతారు. ‘ఎందుకు మానేశారు’ అని అడగకండి, తయారుగా ఉన్న జవాబే వస్తుంది. ‘వెళ్లిపోదామని మొదటిసారి ఎప్పుడనిపించింది, ఆ రోజు ఏం జరిగింది’ అని అడగండి. ముగ్గురి నోటా ఒకే పేరు వస్తే ఆ మనిషిని పిలిచి, మందలించే ముందు, ఆయన వెనక ఎవరు నిలబడుతున్నారో అడగండి.